పేదింట్లో సెల్‌ఫోను నంబరు: దేనికి పనికొస్తుంది, ఎలా పోతుంది, ఎలా కాపాడుకోవాలి

తెలుగు రాష్ట్రాల వెలుపల తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల్లో మగ్గం మీద, బీడీల మీద, వల మీద, వీధులు ఊడ్చే పని మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. సోలాపూర్, భివండీలలో పద్మశాలీలు, బెంగళూరు, చెన్నైలలో పారిశుద్ధ్య కార్మికులు, పూరీ, గోపాలపూర్ తీరాల్లో నోలియాలు, యానాంలో మత్స్యకారులు అలాంటివారే. ఈ ఇళ్లలో గత ఇరవై ఏళ్లలో సెల్‌ఫోను తెచ్చినంత మార్పు ఇంకే వస్తువూ తేలేదు. ఫోను మంచిదా చెడ్డదా అనే వాదన ఇక్కడ చేయబోవడం లేదు. తక్కువ రాబడి ఉన్న ఇంట్లో అది రోజూ ఏయే పనులు చేస్తోంది, ఏయే పనులకు అడ్డుపడుతోంది, ఆ ఇల్లు ఏం జాగ్రత్త పడాలి అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక్క మాట. ఫోను పోతే అప్పో సప్పో చేసి ఇంకొకటి కొనుక్కోవచ్చు. నంబరు పోతే ఇల్లు చాలా చోట్ల ఆగిపోతుంది. మన ఇళ్లలో ఫోనును బీరువాలో పెట్టి దాస్తారు గాని నంబరు గురించి ఎవరూ ఆలోచించరు.

ఎలా వచ్చింది

పాతతరం వారికి పీ.పీ. నంబరు గుర్తుండే ఉంటుంది. వీధిలో ఫోనున్న ఒక ఇంటి నంబరునే పది ఇళ్లవాళ్లూ పెళ్లి పత్రికల మీద, అర్జీల మీద రాసుకునేవారు. కబురు వస్తే ఆ ఇంటి పిల్లవాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. ఊరికి మాట్లాడాలంటే రాత్రి పూట రేటు తగ్గే వేళ చూసుకుని ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడేవాళ్లం.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కూ డబ్బు పడేది. కూలి మనిషికి అది అందే వస్తువు కాదు. 2003లో వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. అదే ఏడాది రిలయన్స్ 501 రూపాయలకు ఫోను ఇచ్చే పథకం పెట్టింది. టార్చిలైటు ఉన్న నోకియా 1100 కూడా ఆ ఏడాదే వచ్చింది. కరెంటు నిలకడ లేని వాడల్లో ఆ టార్చిలైటే సగం ఫోనును అమ్మిపెట్టింది. రీఛార్జి చేయించకపోయినా కాల్స్ వచ్చేవి కాబట్టి, మిస్డ్ కాల్ ఇచ్చి అవతలివారి చేత చేయించుకోవడం ఒక పద్ధతిగా మారింది.

2016 సెప్టెంబరు 5న జియో రావడంతో ఇంటర్నెట్ చవకైంది. అదే ఏడాది యూపీఐ మొదలైంది, నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. మరుసటి ఏడాది 1,500 రూపాయల డిపాజిట్ మీద జియోఫోను వచ్చింది. ఈ రెండేళ్లలో ఫోను మాట్లాడుకునే సాధనం స్థాయి నుంచి డబ్బు, కాగితాలు, ప్రభుత్వ పథకాలు అన్నీ నడిచే దారి స్థాయికి మారింది. అప్పటినుంచి నంబరు లేని మనిషి లెక్కలోకి రావడం కష్టమైంది.

నంబరు దేనికి తాళంచెవి

నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో అర్జీలో ముఖ్యమైన గడి చిరునామా. చిరునామా సరిగ్గా ఉంటే ఉత్తరం చేరేది. ఫోను నంబరు గడి ఉన్నా ఖాళీగా వదిలేసేవారు, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు చిరునామాలో తప్పున్నా పని నడుస్తుంది, నంబరులో ఒక్క అంకె తప్పితే అర్జీ ముందుకు కదలదు.

మన పోర్టల్ చదివే రాష్ట్రాల్లో మహిళలకు వచ్చే నగదు పథకాలు చూడండి. కర్ణాటకలో గృహలక్ష్మి 2023 ఆగస్టులో మొదలైంది. ఇంటి పెద్దగా ఉన్న మహిళకు నెలకు 2,000 రూపాయలు. తమిళనాడులో కలైజ్ఞర్ మగళిర్ ఉరిమై తొగై 2023 సెప్టెంబరు 15 నుంచి నెలకు 1,000 రూపాయలు. మహారాష్ట్రలో లాడ్కీ బహీణ్ 2024 జూలై నుంచి నెలకు 1,500 రూపాయలు. ఒడిశాలో సుభద్ర 2024 సెప్టెంబరు 17న మొదలైంది. ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయల చొప్పున అయిదేళ్లు ఇస్తామన్నది పథకం. ఇవన్నీ బ్యాంకు ఖాతాలో పడతాయి.

ఇక్కడ చాలామంది గందరగోళపడే విషయం ఒకటుంది. ఆధార్ ద్వారా జమ అయ్యే డబ్బు ఫోను నంబరును చూసి రాదు. మీ ఆధార్‌కు జతపడిన బ్యాంకు ఖాతాను చూసి వస్తుంది. కాబట్టి నంబరు పోయినంత మాత్రాన డబ్బు పడడం వెంటనే ఆగదు. ఆగేవి మూడు. ఒకటి, డబ్బు పడిందన్న కబురు. రెండు, ఫోను ద్వారా తీసుకునే, పంపే వీలు. మూడు, ఇ-కేవైసీ. ప్రభుత్వం అర్హులను మళ్లీ సరిచూస్తానన్నప్పుడు ఆధార్‌కు ఇచ్చిన నంబరుకు ఓటీపీ వస్తుంది. అది చెప్పలేకపోతే పేరు నిలిచిపోతుంది, అప్పుడు డబ్బూ ఆగుతుంది.

2025 సెప్టెంబరులో లాడ్కీ బహీణ్‌కు ఇ-కేవైసీ పెట్టినప్పుడు ఇదే జరిగింది. మహిళ ఆధార్ ఓటీపీతో పాటు భర్త లేదా తండ్రి ఆధార్ ఓటీపీ కూడా అడిగారు. భర్త, తండ్రి ఇద్దరూ లేనివారికి, భర్త వదిలి వెళ్లినవారికి మొదట్లో ఎటూ తోచలేదు. బతికున్న భర్త నంబరే పాతదై ఎవరికో వెళ్లిపోయిన ఇళ్లూ ఉన్నాయి. సోలాపూర్ పూర్వభాగంలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పని మానుకుని, ఆధార్ కేంద్రం ముందు పొద్దున్నే వరసలో కూర్చున్నారు. వేలెక్కన కూలి లెక్కగట్టే పనిలో ఒక పూట పోతే ఆ పూట కూలి పోయినట్టే.

పథకాలే కాదు. గ్యాస్ సిలిండరు తెచ్చినవాడు కోడ్ అడుగుతాడు. ఇ-శ్రమ్ కార్డుకు ఆధార్ నంబరుకు జతచేసిన ఫోను కావాలి. రేషన్ దుకాణంలో బీడీ చుట్టీ చుట్టీ, బట్టలుతికీ అరిగిపోయిన వేలిముద్ర పడకపోతే కొన్నిచోట్ల ఓటీపీతో సరుకు ఇస్తారు. ఆసుపత్రి చీటీ, పిల్లల ఉపకారవేతనం, పరీక్ష హాల్‌టికెట్టు, అన్నీ నంబరునే అడుగుతాయి.

ఒకే ఫోను, అయిదుగురు మనుషులు

ఫోను ఒకరి సొంత వస్తువన్నట్టుగా ఈ పద్ధతులన్నీ తయారయ్యాయి. పేదింట్లో అది ఇంటి వస్తువు. పొద్దున తండ్రి పనికి పట్టుకుపోతాడు. సాయంత్రం పిల్లలు చదువుకో ఆటకో తీసుకుంటారు. రాత్రి తల్లి పుట్టింటికి మాట్లాడుతుంది. బ్యాంకువాళ్ల ఓటీపీ పది నిమిషాల్లో గడువు తీరుతుంది, ఆ పది నిమిషాల్లో ఫోను మాత్రం మగ్గాల కార్ఖానాలో ఉంటుంది. కరోనా కాలంలో బడులు ఫోనులోకి వెళ్లినప్పుడు ముగ్గురు పిల్లలకు ఒక్క ఫోనున్న ఇళ్లలో పెద్ద తరగతి వాడికి పాఠం దక్కింది, ఆడపిల్లకు వంటగది దక్కింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 54 శాతమే. అంటే సుమారు సగం మంది ఆడవాళ్ల కబురు ఇంకొకరి చేతి మీదుగా వెళ్తోంది.

దీని ఫలితం డబ్బు విషయంలో బాగా కనిపిస్తుంది. మన తల్లులు బియ్యం డబ్బాలో, చీర మడతలో దాచిన డబ్బు ఎంతో ఇంట్లో ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆపద వేళ అదే బయటికొచ్చేది. ఇప్పుడు పథకం డబ్బు ఆమె పేరు మీదే పడుతుంది, కాని యాప్ కొడుకు ఫోనులో ఉంటుంది, పిన్ కొడుక్కి తెలుసు. ఖాతా ఆమెది, చూపు కొడుకుది. కొడుకులందరూ చెడ్డవాళ్లని కాదు. తనకంటూ ఎవరికీ తెలియని నాలుగు రూపాయలు ఉండడం పేదింటి ఆడమనిషికి పెద్ద బలం. అందుకే ఇంట్లో రెండో ఫోను కొనే వీలుంటే అది తల్లికి కొనండి. మామూలు బటన్ల ఫోనైనా చాలు. బటన్ల ఫోనులోనూ యూపీఐ 123పే ద్వారా డబ్బు పంపవచ్చు. 2022 మార్చిలో వచ్చిన సౌకర్యం ఇది. ఇంటర్నెట్ అక్కర్లేదు.

రీఛార్జి లెక్క

చవకన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2024 జూలైలో కంపెనీలు ధరలు పెంచాయి. ఎయిర్‌టెల్ 28 రోజుల కనీస పథకం 179 నుంచి 199 రూపాయలైంది. 28 రోజులంటే నెల కాదని గమనించండి. ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 199 చొప్పున ఒక ఫోనుకు ఏడాదికి 2,587 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే 7,761. ఒడిశాలో ఒక మహిళకు సుభద్ర కింద ఏడాదంతా వచ్చే 10,000లో ఇది ముప్పాతిక కంటే ఎక్కువ.

అందుకే చేతిలో డబ్బు లేని నెలలో మొదట ఆగేది ముసలివాళ్ల ఫోను రీఛార్జి. వాళ్లు ఎవరికి చేస్తారులే అనుకుంటారు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు తరచూ ఆ ఫోనులోనిదే అయి ఉంటుంది.

నంబరు పోవడానికి ఒక లెక్క ఉంది, అది తెలిసుంటే కాపాడుకోవచ్చు. పథకం గడువు ముగిస్తే ముందు మనం చేసే కాల్స్, తరవాత మనకు వచ్చే కాల్స్ ఆగుతాయి. నంబరు మాత్రం వెంటనే పోదు. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులపాటు కాల్, సందేశం, డేటా ఏదీ వాడకపోతేనే ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయవచ్చు. అప్పటికి ఫోనులో 20 రూపాయలో అంతకంటే ఎక్కువో నిల్వ ఉంటే, 20 రూపాయలు తీసుకుని 30 రోజులు పొడిగించాలి. నిల్వ ఉన్నంతకాలం అలా సాగుతుంది. రద్దయ్యాక కూడా తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజులు గడువిస్తారు. అదీ దాటిపోయి, రద్దయిన నాటినుంచి 90 రోజులు గడిస్తే ఆ నంబరును కొత్తవారికి ఇస్తారు.

ఆ చివరి మెట్టు దగ్గరే అసలు ప్రమాదం. మా వీధిలో ఒక పెద్దావిడకు ఇలాగే జరిగింది. కొడుకు పవర్‌లూమ్ పని మీద భివండీ వెళ్తూ పాత సిమ్ తీసి మేకుకు తగిలించిన సంచీలో పెట్టి పోయాడు. ఆమె ఆధార్‌కు ఇచ్చిన నంబరు అదే. ఏడాది తరవాత ఓటీపీ అవసరమైంది. ఆ నంబరుకు చేస్తే వేరే ఊరి మనిషి ఎత్తాడు. పాపం, అతను మంచివాడు. నాకు ఈ అవ్వ పేరు మీద బ్యాంకు సందేశాలు వస్తున్నాయి, ఎవరికి చెప్పాలో తెలియలేదు అన్నాడు. మంచివాడు కాకపోతే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

డేటా వాడనివారికి ఒక ఊరట ఉంది. 2024 డిసెంబరులో ట్రాయ్, కాల్స్, సందేశాలకు మాత్రమే పనికొచ్చే పథకాలు విడిగా ఇవ్వాలని, అలాంటి వోచర్ల గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని నిబంధన చేసింది. దుకాణంవాడు తనంతట తాను ఇవి చెప్పడు. డేటా లేని పథకం ఏది ఉంది, ఎన్ని రోజులది అని మీరే అడగాలి. ముసలివాళ్ల ఫోనుకు ఏడాదికొకసారి వేయిస్తే మరిచిపోయే బాధా ఉండదు.

పనిలో ఫోను

కేరళ సార్డీన్ చేపల సంగతి అర్థశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. 1997-2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోను వచ్చింది. అంతకుముందు ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, కొద్ది దూరంలోని రేవులో చేపల్లేక కొనేవాళ్లు తిరిగిపోయేవారు. పడవ నుంచే ఫోను చేసి ఏ రేవులో ధర ఉందో కనుక్కోవడం మొదలయ్యాక ఆ వృథా పోయింది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన పరిశీలనలో జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగిందని, కొనేవారికి ధర 4 శాతం తగ్గిందని తేలింది. ఇద్దరికీ మేలు జరిగిన అరుదైన సందర్భం ఇది.

మన నోలియాలకు, యానాం జాలరులకు దీనితో నేరుగా సంబంధముంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో చేపలు దొరికే చోట్లను, సముద్రం తీరును లెక్కగట్టి, ఏ దిక్కున ఎంత దూరంలో ఎంత లోతున అన్నది తీరభాషల్లో తెలియజేస్తుంది. తెలుగు, ఒడియా రెండింటిలోనూ వస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ చేసిన ఫిషర్ ఫ్రెండ్ యాప్‌లోనూ తెలుగు ఉంది.

2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. అంతకుముందే ఒడిశా ప్రభుత్వం సుమారు 26 లక్షల సందేశాలు పంపి, దాదాపు 12 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించింది. 1999 నాటి మహాతుఫానులో వేలమంది పోయిన తీరంలో ఈసారి ప్రాణనష్టం చాలా తక్కువ. తుఫాను దాటాక మాత్రం టవర్లు పడిపోయి, కరెంటు లేక పూరీలో ఫోన్లు రోజుల తరబడి మూగపోయాయి. రాకముందు ఫోను కాపాడింది, వచ్చాక చేతిలో ఉన్న నోట్లు, కాగితం మీద రాసుకున్న నంబర్లు కాపాడాయి. తీరంలో ఉన్న ఇళ్లు ఈ రెండో సంగతి మరవకూడదు.

నగరాల్లో పని తీరు వేరు. బెంగళూరు పౌరకార్మికుల్లో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగువారు ఎక్కువ. వాళ్లకు ఫోను అంటే మేస్త్రీ పిలుపు, హాజరు. ముఖం చూపితే హాజరు పడే పద్ధతి ఉన్నచోట సిగ్నల్ లేకపోయినా, తెల్లవారుజామున వెలుతురు చాలకపోయినా పని చేసిన మనిషి రాలేదన్నట్టు నమోదు కావచ్చు. అలాంటప్పుడు ఆ పూటే మేస్త్రీకి ఒక సందేశం పంపి ఉంచుకోవాలి. నెలాఖరున జీతం కోతపడితే చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

కూరల బండి, టీ కొట్టు నడిపేవారికి క్యూఆర్ కోడ్ చిల్లర బాధ తప్పించింది. డబ్బు పడిందని తెలుగులో చెప్పే పెట్టె చదువురానివారికి ధైర్యం. కాని దానికి నెల అద్దె ఉంటుందని, అది ఖాతాలోంచే పోతుందని చాలామందికి తెలియదు. తీసుకునేముందు అద్దె ఎంతో, వద్దనుకుంటే ఎలా తిరిగివ్వాలో అడగండి.

మాట తెలుగు, రాత వేరు

మన ఇళ్లలో చాలామందికి తెలుగు మాట ఉంది, తెలుగు రాత లేదు. బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో చదివాం. ఉత్తరాలు రాసే కాలంలో ఊళ్లోని బంధువులతో సంబంధం తెగిపోవడానికి ఇదొక కారణం. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే సౌకర్యం రావడంతో రాత రాని మనిషి కూడా పాలమూరులోని మేనత్తకు, శ్రీకాకుళంలోని వియ్యంకుడికి తెలుగులోనే కబురు పెడుతున్నాడు. మూడు తరాల నుంచి పుట్టినూరు చూడని ఇళ్లు పెళ్లి సంబంధాలు మళ్లీ అటువైపు కలుపుకుంటున్నాయి. మన భాషకు ఫోను చేసిన మేలు ఇది.

రాత నేర్చుకోవాలన్నా దారి ఉంది. మన దేశంలో అమ్మే ఫోన్లన్నీ 22 అధికార భాషల అక్షరాలూ చూపగలగాలన్న నిబంధన 2017-18 నుంచి అమల్లో ఉంది. 2017 నుంచి గూగుల్ కీబోర్డులో తెలుగులో చెబితే అక్షరాలు పడతాయి. పిల్లల చేత ఇలా చెప్పించి, పడిన అక్షరాలు చదివిస్తే అదే ఒక వాచకం.

ఇబ్బంది ఎక్కడంటే, బ్యాంకు సందేశాలు మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక కూడా అదే భాషలో ఉంటుంది. మోసగాడు మాత్రం మన భాషలో, అమ్మా అక్కా అని పిలుస్తూ మాట్లాడతాడు. అర్థంకాని హెచ్చరిక కంటే అర్థమయ్యే తియ్యటి మాటకే మనిషి లొంగుతాడు. కాబట్టి ఇంట్లో చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లకు ఒకటి నేర్పాలి. అంకెలు మాత్రమే ఉన్న సందేశం వచ్చిన రోజు, తాము స్వయంగా ఆ పనికి కూర్చుని ఉంటే తప్ప ఎవరికీ చదివి వినిపించకూడదు.

అప్పులు, మోసాలు

వీధిలో వడ్డీకిచ్చే మనిషి ముఖం మనకు తెలుసు. ఫోనులో అప్పిచ్చేవాడి ముఖం తెలియదు. రెండు మూడు వేలు నిమిషాల్లో ఇచ్చి, వారంలో రెట్టింపు అడిగి, కట్టకపోతే మన ఫోనులోని నంబర్లన్నిటికీ అవమానకరమైన సందేశాలు పంపే యాప్‌లు వచ్చాయి. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకోవడంతో పోలీసులు అరెస్టులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలిచ్చింది. అప్పు నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ తరఫున ఇస్తున్నారో చెప్పాలి. మన కాంటాక్టులను, ఫొటోలను యాప్ చూడకూడదు. కాంటాక్టులు చూసేందుకు అనుమతి అడిగే అప్పు యాప్‌ను అక్కడే తీసేయండి.

గుర్తుంచుకోవలసినవి ఇంకో మూడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే. వీడియో కాల్‌లో పోలీసులు అరెస్టు చేయడమన్నది మన చట్టంలో లేదు. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేవారు, పడలేదు మళ్లీ వేయండి అన్నప్పుడు ముందు మొదటిసారి రసీదు చూపమనాలి, నెలకొకసారి పాస్‌బుక్ రాయించుకోవాలి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోతుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవాళ్లకే ఎక్కువ నష్టం.

ఫోను పోతే వరసగా చేయవలసినవి

1. ముందు వేరే ఫోను నుంచి బ్యాంకుకు చేసి ఖాతా నుంచి చెల్లింపులు ఆపించాలి, తరవాత సిమ్ కంపెనీకి చేసి సిమ్ ఆపించాలి.

2. పోలీసు ఫిర్యాదు చేసి దాని ప్రతి తీసుకోవాలి.

3. సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి గుర్తింపు కార్డుతో వెళ్లి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోవాలి. తీసుకున్నాక 24 గంటలు సందేశాలు రావు. అది భద్రత కోసం పెట్టిన నియమం, కంగారుపడవద్దు.

4. సంచార్ సాథీలో ఫోను ఐఎంఈఐ ఇచ్చి దాన్ని పనిచేయకుండా చేయించవచ్చు. 2023 మేలో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం. ఐఎంఈఐ అంటే 15 అంకెల గుర్తింపు. ఫోనులో *#06# నొక్కితే కనిపిస్తుంది. ఫోను ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడే సరిచూసుకోవలసినవి

సిమ్ ఎవరి పేరు మీద ఉంది? దుకాణంవాడి పేరు మీదో, ఎప్పుడో ఊరు వదిలిన బంధువు పేరు మీదో ఉంటే అది మీ నంబరు కానట్టే. పోయిన రోజు మళ్లీ ఇవ్వరు. ఆ మనిషి అందుబాటులో ఉండగానే పేరు మార్పించుకోండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూడవచ్చు. ఒక మనిషికి 9 వరకే అనుమతి. మీకు తెలియనివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

ఆధార్‌కు ఏ నంబరు ఇచ్చారు? గుర్తు లేకపోతే ఆధార్ వెబ్‌సైట్‌లోనో ఆధార్ కేంద్రంలోనో సరిచూసుకోవచ్చు. సందేహాలకు 1947కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఇంట్లో ఎంతమంది ఆధార్‌లకైనా ఒకే నంబరు ఇవ్వవచ్చు, దానికి పరిమితి లేదు. ఊళ్లు తిరిగే కొడుకు నంబరు కంటే ఇంటిపట్టున ఉండే మనిషి నంబరు ఇవ్వడం మంచిది.

బ్యాంకులో ఏ నంబరు ఉంది? ఆధార్‌లో మార్చినంత మాత్రాన బ్యాంకులో మారదు. బ్యాంకుకు వెళ్లి విడిగా అర్జీ ఇవ్వాలి. గ్యాస్, రేషన్ కార్డులకూ అంతే.

ఒక నోటు పుస్తకంలో ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, ఆధార్‌కు ఇచ్చిన నంబరు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు, సిమ్ ఎవరి పేరు మీద ఉందో, రీఛార్జి గడువు తేదీ, ఐఎంఈఐ, దగ్గరి బంధువుల నంబర్లు పది రాసి రేషన్ కార్డు పక్కన పెట్టండి. పిన్‌లు, పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకండి. రాత రానివారు దగ్గరలోని తెలుగు సంఘం కార్యాలయానికి ఫోను, ఆధార్ కార్డు తీసుకువెళ్తే రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు. ఈ పని అరగంటలో అయిపోతుంది. చేయకుండా వదిలేస్తే తరవాత ఆధార్ కేంద్రం వరసల్లో పోయేది కూలి రోజులే.